శాలిబండ బర్రె, మా పచ్చ వెలుగు

మా పక్క ఫ్లాటులో ఉండే నిఖిత అనే అమ్మాయి ఈమధ్యే ఒక ల్యాబులో ఉద్యోగంలో చేరింది. మొదటి వారమే వచ్చి మా సోఫాలో కూర్చుని, తాము వాడే యాంటీబాడీల గురించి చెప్పుకొచ్చింది. బొటనవేలంత సీసాల్లో వస్తాయట. రంగు ముందే కట్టి ఉంటుందట. ఎర్రది కావాలంటే ఎర్రది, పచ్చది కావాలంటే పచ్చది. "మీ రోజుల్లో ఏ కంపెనీవి వాడేవారు ఆంటీ?" అని అడిగింది.

"మా కంపెనీ పెరట్లో కట్టేసి ఉండేదమ్మా. ఆకులు మేసేది," అన్నాను.

పిల్ల నవ్వింది గానీ నమ్మినట్టు లేదు. అందుకని ఈ నాలుగు మాటలు ఆమె కోసం, ఆమెలా కొత్తగా ల్యాబు గడప తొక్కే పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి రాయను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఉంటాయి, వినేవాళ్ళకు ఆవలింతలు తప్ప ఏమీ మిగలవు. పని ఎలా ఉండేదో, మమ్మల్ని ఎక్కడ బోల్తా కొట్టించిందో, అదే చెబుతాను.

మేక, రంగు, ఒక పొట్టేలు

మాది తెనాలి. డెబ్భైల మొదట్లో మా ఆయనకు హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం వచ్చి శాలిబండలో అద్దెకు దిగాం. నాకు మైక్రోబయాలజీ డిగ్రీ ఉంది, ఇంట్లో కూర్చునే ఓపిక లేదు. పత్తర్‌గట్టి వెనక సందులో, ఒకప్పుడు ఎవరో నవాబుగారి దేవిడీ, అంటే పెద్ద లోగిలి, అయిన పాత భవనంలో చిన్న పరిశోధనశాల ఒకటి ఉండేది. అందులో చేరాను. అక్కడ చూసేది ఒకే ఒక జబ్బు, రేబిస్. పిచ్చికుక్క జబ్బు అని ఊరంతా అనేది దాన్నే.

పని సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. వైరస్ ఒంట్లోకి వస్తే, దాన్ని పట్టుకునే యాంటీబాడీలను ఒళ్ళు తయారు చేసుకుంటుంది. చంపేసిన వైరస్‌ను మేకకు కొద్దికొద్దిగా ఎక్కిస్తే దాని నెత్తుట్లో అవి పెరుగుతాయి. కొంచెం నెత్తురు తీసి, యాంటీబాడీలను వేరుచేసి, వాటికి ఫ్లోరెసీన్ అనే రంగు కడతాం. మామూలు వెలుగులో అది పసుపు. నీలి వెలుగు తగిలితే పచ్చగా మెరుస్తుంది. చనిపోయిన జంతువు మెదడును గాజు స్లైడు మీద పలచగా అద్ది, ఈ రంగు కట్టిన యాంటీబాడీ పోసి, కాసేపాగి కడిగేస్తాం. వైరస్ ప్రోటీన్ ఉన్నచోట అది అతుక్కుని ఉండిపోతుంది. లేకపోతే నీళ్ళతోపాటు పోతుంది. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెడితే, ఉన్నచోట పచ్చటి చుక్కలు. మా విద్యంతా ఇంతే, చెప్పడానికి.

చెయ్యడానికి మాత్రం ప్రాణాలు తోడేసేది. రంగు సీసా విదేశాల నుంచి రావాలి. అందులో అడుగున ఇంత పొడి, దాన్ని చూసుకుంటూ మా డాక్టర్ ఖాదర్ సాబ్ లోభి బంగారాన్ని చూసుకున్నట్టు చూసుకునేవారు. యాంటీబాడీ ద్రవాన్ని మంచుగడ్డల మధ్య పెట్టి, చుక్కచుక్కగా రంగు కలుపుతూ గంటలకొద్దీ తిప్పాలి. తర్వాత ఒక పొడుగాటి గాజు గొట్టంలోంచి దింపితే రంగు రెండు పట్టీలుగా విడిపోయేది. యాంటీబాడీకి అంటుకున్నది ముందు దిగేది, అంటుకోని ఉత్త రంగు వెనకపడేది. ఆ మొదటి పసుపు పట్టీ దిగుతుంటే చూడటం నాకు ఈనాటికీ ఇష్టమే. ఇప్పుడు ఎవరైనా చూపిస్తానంటే ఆటో కట్టించుకుని మరీ వెళతాను.

ఖాదర్ సాబ్ మా పెద్ద. పశువైద్యుడు. నల్లగొండ దగ్గర పల్లెలో పుట్టిన మనిషి కాబట్టి తెలుగు నాకంటే ధాటిగా మాట్లాడేవారు. ఆయన కింద నేను, ప్రకాశం. ప్రకాశానిది మాదన్నపేట. జంతువుల తలలు తెచ్చి, కోసి, మెదడు ముక్క తీసిచ్చే పని అతనిది. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు, మిగతా రోజుల్లో మా మీద జోకులు వేసేది.

మొదటిసారి మేము సొంతంగా రంగు కట్టినప్పుడు ఏమైందో వినండి. ఒక పిచ్చికుక్క మెదడు మీద పోసి చూస్తే స్లైడంతా పచ్చటి వెలుగు. నేను ఎగిరి గంతేశాను. ప్రకాశం పరుగున పోయి ఖీమా కూరి వేయించిన వేడివేడి లుఖ్మీలు తెచ్చాడు. మేము తింటుంటే ఖాదర్ సాబ్ మాట్లాడకుండా ఇంకో స్లైడు తయారు చేసి, "చూడు బేటా," అన్నారు. చూశాను. అదీ అంతే, దీపావళి.

"ఇది ఏ కుక్కది సార్?"

"కుక్క కాదు. మాదన్నపేటల పొద్దున కోసిన పొట్టేలు భేజా. దీనికి గూడ పిచ్చి లేసిందంటవా?"

ప్రకాశం లుఖ్మీ నములుతూ ఆగిపోయాడు. "సార్, నిన్న మా ఇంట్ల గూడ భేజా కూరే," అన్నాడు.

రంగు ఎక్కువ కట్టేశాం. యాంటీబాడీ మోయలేనంత రంగు మోస్తే కనిపించినదానికల్లా అంటుకుంటుంది. "దుపట్టాకు రంగేస్తరు చూడు, దండిగ పోస్తే బట్టకే గాదు, చేతులకు, బకెట్‌కు, నేలకు గూడ అంటుతది," అన్నారు ఖాదర్ సాబ్. నెలల తరబడి చేసిన పని. ఆ సీసాను సింకులో వంచుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. తెల్లనివన్నీ పాలు కావని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను గానీ, పచ్చనివన్నీ రేబిస్ కావని ఆరోజే తెలిసింది.

గింజ, గవ్వ

ఆ దెబ్బతో మా ల్యాబులో ఒక నియమం వచ్చింది. జబ్బు లేనిదాన్ని ముందు చూడాలి, అనుమానమున్నదాన్ని తర్వాత చూడాలి. ఆరోగ్యమైన మెదడు చీకటిగా కనిపిస్తేనే ఆరోజు మా కంటికి, మా రంగుకు విలువ. జబ్బు ఉందని తెలిసిన స్లైడు ఒకటి కూడా పక్కన పెట్టేవాళ్ళం. అది మెరవకపోతే ఆరోజు దుకాణం కట్టేసినట్టే.

రెండో నియమం ఇంకా చిత్రమైనది. స్లైడు ఇద్దరం చూడాలి. ఒకరు చూసి "ఉంది" అంటే రెండోవాళ్ళకు లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది, అది మనిషి స్వభావం. అందుకని గదిలో నోరు విప్పకూడదు. ఒక మూతున్న రేకు డబ్బా, పక్కన చింతగింజలు, గవ్వలు ఉండేవి. కనిపిస్తే చింతగింజ, కనిపించకపోతే గవ్వ. చూసినవాళ్ళు ఒకటి డబ్బాలో వేసి బయటికి రావాలి. ఇద్దరూ వచ్చాక డబ్బా వంచుతాం. గింజ ఒకటి, గవ్వ ఒకటి పడితే మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళు అష్టాచెమ్మా ఆడుతున్నామా అని నవ్వేవారు. నవ్వనీ. నేను తర్వాత పనిచేసిన పెద్ద పెద్ద చోట్ల ఇంత నిజాయితీ ఉన్న ఏర్పాటు చూడలేదు.

ఖాదర్ సాబ్ గురించి మంచే చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. ఆయనకు నేర్పడం రాదు, ఉచ్చులు పన్నడం వచ్చు. చెప్పకుండా స్లైడ్లు మార్చి పెట్టి, మనం తప్పు చెబితే నలుగురిలో నవ్వేవారు. మూతి ముడుచుకుని ఇంటికి వెళ్ళిన సాయంత్రాలు నాకు చాలానే ఉన్నాయి. మీ చేతికింద పిల్లలుంటే అలా చెయ్యకండి. అయితే ఆయన తన స్లైడ్ల మీద కూడా అంతే అనుమానపడేవారు, అందుకే క్షమించాను. ఆయన తర్వాత వచ్చిన పెద్దసారు మర్యాదస్థుడు, ఒక్కమాట తూలేవాడు కాదు. ఆరోగ్యమైన మెదడు స్లైడ్లు దండగ, రంగు వృథా అని తీసేయించాడు. ఇద్దరిలో ఎవరి దగ్గర పని నేర్చుకోవాలని అడిగితే నేను ఆలోచించకుండా తిట్టేవాడి పేరే చెబుతాను.

కుక్క అలవాటు

మా దగ్గరికి వచ్చేవన్నీ దాదాపు కుక్క తలలే. కుక్క మెదడు లోతుల్లో పొట్టేలు కొమ్ములా వంకర తిరిగిన భాగం ఒకటి ఉంటుంది. కుక్కలో ఈ వైరస్ అక్కడ గుట్టపడుతుంది. మేము దాన్ని కొమ్ము అనే పిలిచేవాళ్ళం. తల వస్తే "కొమ్ము తీశావా ప్రకాశం?" అన్నదే మొదటి మాట. చేతికి అంత అలవాటైపోయింది. అలవాటు పనివాడికి సగం బలం, నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం గురించే ఈ కథ.

అది ఎండాకాలం, మామిడిపళ్ళ రోజులు. ప్రకాశం గోనెసంచిలో మంచు వేసి ఒక బర్రె తల ఆటోలో తెచ్చాడు. ఆటోవాలా "క్యా హై భాయ్, గింత బరువున్నది?" అంటే "తర్బూజ్ అన్నా," అన్నాడట. సందు చివర దిగేదాకా ఆటోవాలా పుచ్చకాయ ధర అడుగుతూనే ఉన్నాడట.

ఆ తల వెనకే ఇద్దరు ఆడవాళ్ళు నడిచి వచ్చారు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే. మా ఇంటికి పాలు పోసే బాలమ్మ, ఆమె కోడలు యాదమ్మ. బాలమ్మ భర్త పోయాక శాలిబండలో నాలుగైదు బర్రెలతో ఇల్లు నడుపుకొస్తోంది. యాదమ్మది నా ఈడే. పొద్దున్నే పాలచెంబుతో వచ్చి, "అక్కా, గిన్నె తే," అని గుమ్మంలో నిలబడే పిల్ల. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

ఖాదర్ సాబ్ ఎప్పుడు గొడ్డు తల వచ్చినా మొదట ఒకటే ప్రశ్న వేసేవారు. "దీని నోట్ల చెయ్యి ఎవరు పెట్టిండ్రు?"

బర్రెకు రేబిస్ వస్తే కుక్కలా మీదపడి కరవదు. మేత మానేస్తుంది, చొంగ కారుస్తుంది, మింగలేకపోతుంది. చూసేవాళ్ళకు గొంతులో ఏదో ఇరుక్కుందనిపిస్తుంది. పశువుల ఇళ్ళలో అప్పుడు చేసేది ఒక్కటే. సన్నని చెయ్యి ఉన్నవాళ్ళు ఆముదం రాసుకుని నోట్లో పెట్టి వెతకడం.

"మామిడి టెంక ఇరికిందనుకున్నం సార్," అంది బాలమ్మ. "నా చెయ్యి మొద్దుది. పిల్ల చెయ్యి సన్నగుంటదని గాజులు తీపిచ్చి పెట్టిపిచ్చిన."

యాదమ్మ కుడిచెయ్యి చాపింది. మణికట్టు మీద, వేళ్ళ మీద బర్రె పళ్ళు గీరుకున్న గాట్లు.

"బాలమ్మా, ఇయ్యాల్నే దవాఖానకు తోల్కపో. స్లైడు కోసం ఆగొద్దు. సూదులు షురూ చేపియ్యి," అన్నారు ఖాదర్ సాబ్.

బాలమ్మ చేతులు జోడించింది గానీ మాట మెత్తబడలేదు. "దండం పెడ్త సార్. బొడ్డు సుట్టు పొడుస్తరు గదా ఆ సూదులు. లోపల పానమున్నది, దానికి తగుల్తే? మా గల్లీల ఒకామెకు గా సూదులకే కాళ్ళు పడిపాయె. బర్రెకు పిచ్చి ఉన్నదని మీ మిషన్ల కనబడితె తోల్కపోత. ఊకె అనుమానానికి మాత్రం నా కోడలు కడుపు మీద పొడిపియ్య."

ఆమెది మూర్ఖత్వమని మీరు అనుకోవద్దు. ఆ రోజుల్లో ఆ టీకా మందును గొర్రె మెదడు నుంచి తీసేవారు. అరుదుగానైనా దానివల్ల కాళ్ళు చచ్చుబడటం నిజమే. వేయించుకోకపోతే, జబ్బు బయటపడ్డాక ఇక వైద్యమే లేదు. ఒకవైపు నుయ్యి, ఒకవైపు గొయ్యి. యాదమ్మ బతుకు, కడుపులో బిడ్డ బతుకు మా స్లైడు చెప్పే మాట మీద నిలబడ్డాయి.

కొమ్ము తీశాం. అన్నీ పద్ధతిగానే చేశాం. ఆరోగ్యమైన మెదడు చీకటిగా ఉంది, జబ్బు ఉన్న స్లైడు చక్కగా మెరిసింది. బర్రె స్లైడు నేను చూశాను, మూలమూలా వెతికాను. ఏమీ లేదు. ఖాదర్ సాబ్ చూసి వచ్చారు. డబ్బా వంచితే రెండు గవ్వలు పడ్డాయి.

ఆయన వరండాలోకి వచ్చి, "కనబడ్లే," అన్నారు. బాలమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మైసమ్మ తల్లి సల్లగ జూసింది," అంది. నిజం చెప్పాలంటే నాకూ అంతే సంతోషమైంది. వాళ్ళు లేచి చెప్పులేసుకుంటుంటే, వెళ్ళేవాళ్ళతో మాట కలపడానికి అడిగాను. "ఇంతకీ టెంక దొరికిందా యాదమ్మా?"

"టెంక గింక ఏం లేదక్కా. మోచేతి దాక పెట్టిన. గొంతు మొత్తం సడలిపోయి ఉండె. నా చెయ్యి పోతుంటె మింగలే, కక్కలే. నాలుక గూడ ఎన్కకు గుంజుకోలే. బర్రె నిలబడే ఉన్నది గానీ, సచ్చినదాని నోట్ల పెట్టినట్టుండె."

ఖాదర్ సాబ్ సిగరెట్టు వెలిగించబోతూ ఆగారు. "మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు.

"మనం ఏడికెల్లి తీసినం ముక్క?"

"కొమ్ము నుంచే సార్."

"కొమ్ము కుక్కకు. గీ బర్రెకు మింగుడే బంద్ అయింది. మింగుడు నడిపేది మెదడు అడుగున, మెడ దిక్కున్న కాడ. మనం గా జాగ ముట్టనే లేదు. తల ఏడున్నది?"

తల అప్పటికే పెరట్లోకి వెళ్ళింది. పని అయిపోయాక గొయ్యిలో వేసి సున్నం పోసి పూడ్చేయడం మా పద్ధతి. సున్నం పడితే మెదడు ఎందుకూ పనికిరాదు. చీరకుచ్చెళ్ళు పైకి పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. ప్రకాశం గొయ్యి అంచున నిలబడి, సున్నం తట్ట వంచబోతున్నాడు.

"ఆగు ప్రకాశం! ఆగు!"

"ఏమైంది మేడమ్, పాము గిట్ల వచ్చిందా?" అంటూ తట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. విషయం చెప్పగానే నవ్వు మానేసి, చేతులకు తొడుగులేసుకుని గొయ్యిలోకి దిగాడు.

ఎర్ర దారం, తెల్ల దారం

బాలమ్మకు కోపం వచ్చింది. రాదా మరి? "ఒకపారి లేదంటిరి. మల్ల ఏంది లొల్లి? మీక్కావలసిన మాట వచ్చేదాక చూస్తనే ఉంటరా?" అంది.

ఈ ప్రశ్న నేను తర్వాత ఎన్నో సెమినార్లలో, ఎందరో చదువుకున్నవాళ్ళ నోట విన్నాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఖాదర్ సాబ్ మెట్ల మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వు అడిగింది సహీ బాలమ్మా. నాకు అనుమానం ఉన్నది. అనుమానం ఉన్నోని కంటికి లేనిది గూడ కనబడ్తది. అందుకే, ప్రకాశం ఖసాయి కాడికి పోయి మంచి బర్రె భేజా తెస్తడు. దాని అడుగు ముక్క, నీ బర్రె అడుగు ముక్క, రెండు స్లైడ్లు చేస్తడు. ఏది ఏందో నాకు చెప్పడు, ఈ అమ్మకు చెప్పడు. నీకే చెప్తడు. మేం చూసినంక నువ్వే ఫైసలా చెయ్యి."

బాలమ్మ కొంగుముడి విప్పి, పూజకో దేనికో దాచుకున్న దారపు ముక్కలు తీసింది. ఎర్రది, తెల్లది. ప్రకాశాన్ని పక్కకు పిలిచి, తన బర్రెకు ఏ దారమో చెవిలో చెప్పింది. అతను స్లైడ్ల పళ్ళాలకు, రెండు రేకు డబ్బాలకు దారాలు కట్టాడు.

స్లైడ్లు తయారయ్యేసరికి ఎండ తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నం అంత పొడుగు మధ్యాహ్నం నేను మళ్ళీ చూడలేదు. యాదమ్మకు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను. "ఆ సూదులు మస్తు నొప్పా అక్కా?" అని అడిగింది. ఈ పనిలో చేరేవాళ్ళందరికీ ముందే వేస్తారు, నాకూ వేశారు. నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. "మండుతుంది. వాస్తుంది. కానీ సూది చర్మం కిందికే పోతుంది యాదమ్మా, బిడ్డ దాకా పోదు," అన్నాను. కాళ్ళ సంగతి ఆమె అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పేదాన్ని కాదేమో, తెలియదు.

చీకటి గదిలోకి ముందు నేను వెళ్ళాను. నల్లగుడ్డలు కట్టిన కిటికీలు, దీపం వేడి, చెమట. ఒక దారం స్లైడు పెట్టాను, చూశాను, డబ్బాలో వేశాను. రెండోది పెట్టాను, చూశాను, వేశాను. బయటికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఖాదర్ సాబ్ వెళ్ళి వచ్చారు.

డబ్బాలు బాలమ్మ ముందు పెట్టాం. ఆమె తెల్లదారం డబ్బా వంచింది. రెండు గవ్వలు పడ్డాయి. ఎర్రదారం డబ్బా వంచింది. రెండు చింతగింజలు.

మేమిద్దరం బాలమ్మ వైపు చూశాం. ఏది ఎవరిదో మాకు తెలియదు కదా. బాలమ్మ ఆ గింజలను అరచేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్ళీ కింద పెట్టింది.

"ఎర్రది మాదే," అంది. అని కోడలి భుజం పట్టుకుంది. "లే బిడ్డా. దవాఖాన ఎటు దిక్కు సార్?"

ఖాదర్ సాబ్ సిగరెట్టు పారేసి, ఆటో పిలవడానికి తానే సందు చివరికి నడిచారు. ఆయన అలా నడవడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆ సందు, ఆ మనుషులు

వార్త గల్లీలో పాకింది. మర్నాడు బాలమ్మ పాలు పోసే ఇళ్ళవాళ్ళంతా మా వరండాలో చేరారు. "మాకు గూడ చూడుండ్రి సార్," అని లొల్లి. "కాచి తాగినోళ్ళకు ఫికర్ లేదు, పోయి పని చూస్కోండి," అని ఖాదర్ సాబ్ ఒక్కొక్కరికీ చెప్పారు. నేను కూడా ఆ పాలే తాగానని తెలిశాక గానీ వాళ్ళు కదల్లేదు. ఆ రోజు నుంచి మా ల్యాబులో గొడ్డు తల వస్తే కొమ్ముతోపాటు అడుగు ముక్క కూడా తీసేవాళ్ళం, ఎవరూ గుర్తు చెయ్యకుండానే.

నిఖితలాంటి పిల్లలకు చెప్పేదొకటి. మీ సీసా మంచిదే కావచ్చు. మీ రంగు, మీ దీపం, మీ కంప్యూటరు అన్నీ మంచివే కావచ్చు. ఆరోజు మావీ మంచివే. మేము చూసినది నిజం, చూసిన చోటే తప్పు. స్లైడు దగ్గర కూర్చునే ముందు, ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో, ఆ జంతువు చివరి రోజుల్లో ఎలా ఉందో, దాన్ని చూసినవాళ్ళను అడగండి.

ఇప్పుడు ఆ దేవిడీ స్థానంలో బట్టల దుకాణాలు వచ్చాయి. ఖాదర్ సాబ్ పోయి చాలా ఏళ్ళయింది. ప్రకాశం పెద్దవాడైపోయి కూతురి దగ్గర ఉంటున్నాడు, ఫోనులో ఇప్పటికీ పాడి వినిపిస్తాడు. పత్తర్‌గట్టి వైపు వెళితే నాకు ఆ పెరడు, ఆ మేక, మంచుగడ్డల మధ్య తిరిగే పసుపు ద్రవం గుర్తొచ్చి ఏదో ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోతాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అవి నా మంచి రోజులు.

యాదమ్మ సూదులన్నీ వేయించుకుంది. కొన్ని రోజులు నేనూ తోడు వెళ్ళాను. పొట్ట వాచి, జ్వరం వచ్చి, నడవలేక ఆటోలో పడుకుని వచ్చిన రోజులున్నాయి. పొద్దున లేవగానే కాళ్ళు కదిపి చూసుకునేదాన్నని తర్వాత చెప్పింది. కాళ్ళకు ఏమీ కాలేదు. వానలు పడ్డాక ఆడపిల్ల పుట్టింది.

పిల్లను ఎత్తుకుని బయట తిరగొచ్చన్న రోజున మా ల్యాబుకు వచ్చింది. ఊరికే రాలేదు. ఒకటి అడగడానికి వచ్చింది.

"అక్కా, నన్ను సంపబోయింది ఎట్లుంటదో నాకు చూపియ్యి."

ఆ బర్రె స్లైడు ఒకటి, కొత్తవాళ్ళకు చూపించడానికని, చీకట్లో చల్లగా దాచి ఉంచాం. నేను ఖాదర్ సాబ్ వైపు చూశాను. ఆయన సంకోచించకుండా, "చూపియ్యి. ఆమెకు హక్కున్నది," అన్నారు.

పిల్లను నా చేతుల్లో పెట్టి, యాదమ్మ స్టూలు మీద కూర్చుంది. కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. కాసేపు ఏమీ కనబడటం లేదంది. తర్వాత ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.

"గిదేనా? గింత మంచిగున్నదేంది అక్కా! సీకట్ల పచ్చగ, చిన్న చిన్నగ..."

"అదే."

ఆమె కదలకుండా చూస్తూ ఉండిపోయింది. నా భుజం మీద పిల్ల నిద్రలో మూలిగింది. కొంతసేపటికి యాదమ్మ కంగారుగా, "అక్కా, పోతున్నది. ఆరిపోతున్నది. నేనేమన్న ముట్టుకున్ననా?" అంది.

నువ్వేమీ చెయ్యలేదని చెప్పాను. ఆ రంగు అంతే. దీపం తగులుతూ ఉంటే చూస్తుండగానే వెలిసిపోతుంది. స్లైడు దక్కాలంటే వెంటనే దీపం ఆర్పేయాలి. నా చెయ్యి మీట మీదికి వెళ్ళింది కూడా.

"ఆర్పాలా యాదమ్మా?"

"వద్దు," అంది. "పోనీ. మొత్తం పోయేదాక చూస్త."

పిల్లతో కలిపి మేము ముగ్గురం ఆ చీకట్లో అలాగే ఉన్నాం. చివరికి ఆమె కన్ను తీసి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని, దాని తలగుడ్డ సరిచేసి, "పోత అక్కా, పాలు పిండే యాళ్లయింది," అంది.